ఒకే నిప్పు, రెండు ప్రశ్నలు: బుష్‌క్రాఫ్ట్ ఏది, చారిత్రక పునరభినయం ఏది

విల్లుతో అరణి తిప్పి నిప్పు పుట్టిస్తున్న మనిషి చేసేది బుష్‌క్రాఫ్టా, చరిత్రా? చేతులు చూసి చెప్పలేం. కొయ్య అదే, పొగ అదే, చెమట అదే. "ఈ కొయ్యే ఎందుకు?" అని అడిగితే మాత్రం తేలిపోతుంది. "చుట్టుపక్కల ఎండి నిలబడ్డ కొమ్మ ఇదొక్కటే, గోరు గుచ్చితే దిగింది" అంటే అతను అడవి ఇచ్చిన సరుకుతోనే పని గడుపుకునే బుష్‌క్రాఫ్ట్ మనిషి. "నేను చూపిస్తున్న కాలంలో, ఆ ప్రాంతంలో ఇలాంటి అరణి తవ్వకాల్లో బయటపడింది" అంటే అతను రీఎనాక్టర్, అంటే చారిత్రక పునరభినయం చేసే మనిషి. మొదటివాడు నేలకు జవాబు చెప్పుకోవాలి, రెండోవాడు ఆధారానికి. ఈ ఇద్దరి మధ్య వచ్చే తగాదాలు చాలావరకు ఒకరి ప్రశ్నకు ఇంకొకరి జవాబు పెట్టడం వల్ల వచ్చేవే.

బుష్‌క్రాఫ్ట్ కిందికి ఏమేం వస్తాయి

ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో ఊళ్లకు దూరంగా ఉండే అడవినీ పొదల నేలనూ 'బుష్' అంటారు. అక్కడ మసలడానికి కావలసిన పనితనం బుష్‌క్రాఫ్ట్. ఆ మాటకు ఇప్పుడున్న అర్థం స్థిరపడటంలో ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ గ్రేవ్స్ పాత్ర పెద్దది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు అడవిలో బతికే విద్య నేర్పిన ఆయన 1950లలో ఆ విద్యను చిన్న చిన్న పుస్తకాలుగా రాశారు. ఉత్తర అమెరికాలో ఇదే పనిని 19వ శతాబ్దంలో వుడ్‌క్రాఫ్ట్ అన్నారు. కెనడా చలి అడవుల్లో ఇదే విద్యను క్రమమైన పాఠంగా మలిచినవారిలో మోర్స్ కోచాన్‌స్కీ ముఖ్యుడు.

నిప్పు, నీరు, గూడు, తాడు, కత్తి-గొడ్డలి పని, మొక్కల గుర్తింపు, జంతువుల జాడ పట్టడం, దారి తెలుసుకోవడం ఇవన్నీ బుష్‌క్రాఫ్టే. అయితే జాబితాతో హద్దు తేలదు. సర్వైవల్ శిక్షణలోనూ ఇవే పేర్లుంటాయి. తేడా ఉద్దేశంలో ఉంది. సర్వైవల్ అంటే అనుకోకుండా చిక్కుకుపోయిన మనిషి ప్రాణంతో బయటపడటం. అక్కడ లైటర్ దొరికితే లైటర్, కారు సీటు దొరికితే దాని స్పాంజి, ఏదైనా సరే. ఎంత తొందరగా ఆ చోటు వదిలితే అంత మంచిది. బుష్‌క్రాఫ్ట్‌లో మనిషి కోరి వెళ్తాడు, కుదురుగా ఉంటాడు, ఆ చోటు ఇచ్చిన సరుకుతోనే పని గడుపుకోవడం నేర్చుకుంటాడు. క్యాంపింగ్‌లో సుఖం సామాను నుంచి వస్తుంది, ఇక్కడ పనితనం నుంచి రావాలి.

కొన్న ఉక్కు కత్తి, స్టీలు గిన్నె, టార్పాలిన్ పట్టుకెళ్తే అది బుష్‌క్రాఫ్ట్ కాదనేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. సామానుంటే తప్పు లేదు. అది పోతే పని ఆగిపోతుందా, కాస్త ఆలస్యమవుతుందా అన్నదే అసలు కొలత. టార్పాలిన్ చిరిగిన రాత్రి ఆకుల గూడు కట్టుకోగలిగితే ఆ టార్పాలిన్ కేవలం సౌకర్యం. కట్టుకోలేకపోతే అదే మీ ప్రాణం.

ఆ ఆకుల గూడు కట్టడానికీ లెక్కలున్నాయి. నడుము ఎత్తు ఆసరా మీద మనిషి నిలువు కంటే కాస్త పొడవైన వాసం ఏటవాలుగా ఆనించి, రెండు వైపులా పుల్లలు వాల్చాలి. ఆ వాలు 45 డిగ్రీలకు తగ్గితే వాన జారిపోకుండా లోపలికి ఇంకుతుంది. పైన ఎండుటాకులు కనీసం 60 సెంటీమీటర్ల మందం ఉండాలి. చలి ఎక్కువైతే చెయ్యి భుజం దాకా దిగేంత మందం కావాలి. కింద పడక ఒత్తి చూసినా 15 సెంటీమీటర్లు మిగలాలి, ఎందుకంటే ఒంటి వేడిని గాలి కంటే నేలే ఎక్కువ లాగేస్తుంది. కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు గూడును విశాలంగా కట్టడం. అందులో నిప్పుండదు, మీ ఒళ్లే పొయ్యి. ఖాళీ ఎక్కువైతే ఆ వేడి చాలదు.

అరణిని దగ్గరగా చూద్దాం

కిందపలక, తిరిగే కడ్డీ, విల్లు, పైన పట్టుకునే పిడి. మొత్తం నాలుగు భాగాలు. పలక ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, కడ్డీ రెండు సెంటీమీటర్ల లావు, 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు. విల్లు చెయ్యంత పొడవు, దాదాపు వంగని కొమ్మ. కొయ్య మెత్తగా, జిగురు లేకుండా, బాగా ఎండి ఉండాలి. విల్లో, లిండెన్, పాప్లర్, హేజెల్ బాగా పనికొస్తాయి. ముందు పలక మీద కడ్డీ తిప్పి గుంట మాడ్చాలి. తర్వాత ఆ గుంట అంచు నుంచి దాదాపు మధ్య దాకా, వృత్తంలో ఎనిమిదో వంతు ఉండేలా, సన్నని ముక్కను కోసి తీసేయాలి. పొడి రాలి కుప్పపడేది ఆ గాడిలోనే. గాడి కింద ఎండిన బెరడు ముక్క పెట్టుకోవాలి.

మొదట విల్లు మొత్తం పొడవునా నిదానంగా లాగాలి. పొగ నిలకడగా వచ్చాక ఒత్తిడి, వేగం రెండూ పెంచాలి. ఇక్కడ గురువు పొడే, ఏం తప్పు జరుగుతోందో అదే చెబుతుంది. లేత గోధుమరంగులో మెత్తగా రాలుతుంటే వేడి చాలడం లేదు. ముతకగా పీచుముద్దల్లా వస్తుంటే మరీ నొక్కుతున్నారు, కొయ్య మాడకముందే అరిగిపోతోంది. కాఫీపొడి కంటే నల్లగా, సన్నగా రాలితే సరిగ్గా ఉంది. కీచుమంటూ గుంట నున్నగా మెరిస్తే కొయ్య నిగనిగలాడి రాపిడి పోయిందని అర్థం. గుంటనూ కడ్డీ కొననూ కత్తితో గీరి మళ్లీ మొదలుపెట్టాలి. పైపిడిలోంచి పొగ వస్తే రాపిడి తప్పు చివర జరుగుతోందన్నమాట. అక్కడ కాస్త కొవ్వు గానీ పచ్చి ఆకు గానీ పెట్టాలి. కడ్డీ ఎగిరిపోతుంటే పిడి పట్టిన చేతి మణికట్టును మోకాలి కింద ఎముకకు బిగించుకోవాలి. విల్లు ఆపాక కూడా గాడిలోని పొడి తనంతట తాను పొగలు కక్కుతుంటే నిప్పు పుట్టినట్టే. కంగారుపడి ఊదకూడదు. అరనిమిషం ఆగితే పొడి ముద్దకడుతుంది. అప్పుడు మెత్తని పీచుగూడులోకి జార్చి ఊదాలి.

బుష్‌క్రాఫ్ట్ పాఠం ఇక్కడితో పూర్తయింది. మంట వచ్చింది, పని జరిగింది. రీఎనాక్టర్‌కు కష్టం ఇప్పుడే మొదలవుతుంది.

1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో విల్లుతో తిప్పే అరణి దొరికింది. దాని పలకకు రెండు వరుసల్లో 12 గుంటలున్నాయి. కాబట్టి క్రీస్తుపూర్వం 14వ శతాబ్దపు ఈజిప్టును చూపించేవారు విల్లు అరణి నిశ్చింతగా వాడొచ్చు. ఐరోపా రాతియుగానికి వస్తే కథ వేరు. అక్కడ ఎక్కువగా దొరికే ఆధారం చెకుముకి రాయినీ, ఇనుము-గంధకం ఖనిజమైన పైరైట్‌నూ కొట్టి రవ్వ రాబట్టిన జాడలది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి ఓట్జి నడుము సంచిలో నిప్పందుకునే పుట్టగొడుగు గుజ్జు ఉంది, దానికి పైరైట్ రేణువులు అంటుకుని ఉన్నాయి. అంటే ఆ కాలపు ఆల్ప్స్ మనిషి వేషంలో విల్లు అరణి తిప్పితే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది గానీ, "ఆధారమేది?" అంటే నీళ్లు నమలాలి. అలాగని వాడలేదనీ చెప్పలేం. కొయ్య కుళ్లిపోతుంది, రాయి మిగిలిపోతుంది. ఆధారం లేకపోవడం వేరు, అది లేదని తేలడం వేరు. మంచి రీఎనాక్టర్ ఈ మాట చూసేవాళ్లకు దాచకుండా చెబుతాడు.

చెకుముకి, ఉక్కు, మాడ్చిన గుడ్డ

చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టినప్పుడు రవ్వ రాయిలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఉక్కులోంచి వస్తుంది. రాయి పదునైన అంచు ఉక్కును గీసి సన్నని పొట్టు లేపుతుంది, ఆ పొట్టు గాలిలో మండుతుంది. అందుకే ఉక్కులో కార్బన్ ఎక్కువ ఉండాలి, ఎర్రగా కాల్చి చల్లార్చి గట్టిపరచి ఉండాలి. మెత్తని ఇనుముతో ఎంత కొట్టినా ఇనుముకే గీత పడుతుంది తప్ప రవ్వ రాదు. రవ్వలు క్రమంగా తగ్గిపోతుంటే తప్పు రాయి అంచుది. చిన్న పెచ్చు కొట్టి కొత్త అంచు తెచ్చుకోవాలి.

ఆ రవ్వను పట్టుకోవడానికి మాడ్చిన గుడ్డ కావాలి. నూరు శాతం నూలు గానీ నార గానీ అయిన గుడ్డను అరచేతిలో సగం ముక్కలుగా కోసి, మూతకు మేకంత రంధ్రమున్న రేకు డబ్బాలో వదులుగా పేర్చి, నిప్పుల మీద పెట్టాలి. రంధ్రం లోంచి పొగ రావడం ఆగగానే దించి, ఆ రంధ్రాన్ని పుల్లతో మూసి, పూర్తిగా చల్లారాకే తెరవాలి. వేడి మీద తెరిస్తే గాలి తగిలి గుడ్డంతా బూడిదవుతుంది. గోధుమరంగు మిగిలితే ఇంకా కాలాలి. పట్టుకుంటే పొడైపోతే ఎక్కువ కాలింది. పాలిస్టర్ కలిసిన గుడ్డ కరిగి గట్టి ఉండవుతుంది, దాంతో పనేమీ కాదు.

ఇదీ రెండు రంగాలకూ సొంతమైన విద్యే. అయితే ఉత్తర ఐరోపా నావికులైన వైకింగ్‌ల కాలాన్ని చూపిస్తూ రేకు డబ్బా తెరిస్తే అక్కడితో కాలం తెగిపోతుంది. ఆ కాలపు సమాధుల్లో రవ్వ కొట్టే ఉక్కు ముక్కలు దొరికాయి గానీ రేకు డబ్బాలు లేవు. చెట్ల మొదళ్ల మీద గుర్రపు గిట్ట ఆకారంలో పెరిగే పుట్టగొడుగు లోపలి పొరను మెత్తగా సాగగొట్టి వాడటం అక్కడ సరైన దారి. బుష్‌క్రాఫ్ట్‌లో ఎక్కువమంది జేబులో ఉండే, గీరితే రవ్వలు రాల్చే ఫెర్రో రాడ్ మాటకొస్తే, దాని మిశ్రమలోహాన్ని ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1903లో కనిపెట్టాడు. అది 'ప్రాచీన పద్ధతి' కానే కాదు.

పునరభినయం ఏం కోరుతుంది

పాత యుద్ధాన్ని మళ్లీ చూపించడం కొత్త సరదా కాదు. 1839లో స్కాట్లండ్‌లోని ఎగ్లింటన్‌లో మధ్యయుగపు బల్లెం పోటీలు మళ్లీ జరిపారు. ఇప్పుడు మనం చూసే రూపం మాత్రం 1960లది. 1961లో అమెరికా అంతర్యుద్ధపు శతవార్షికంలో బుల్ రన్ పోరును మళ్లీ నడిపించారు. 1968లో బ్రిటన్‌లో 17వ శతాబ్దపు అంతర్యుద్ధం కోసం సీల్డ్ నాట్ అనే సంఘం పుట్టింది. దానితోపాటే లివింగ్ హిస్టరీ అనే శాఖ ఉంది. అందులో యుద్ధం ఉండదు. వంట, కమ్మరిపని, నేత, పడక లాంటి రోజువారీ బతుకును చూపిస్తారు. బుష్‌క్రాఫ్ట్‌కు దగ్గరి చుట్టం ఈ శాఖే.

ఇక్కడ ప్రతి వస్తువుకూ మూడు సాక్ష్యాలు వెతుకుతారు. తవ్వకాల్లో దొరికిన వస్తువు, ఆ కాలపు బొమ్మ, ఆ కాలపు రాత. మూడూ కలిస్తే గట్టి ఆధారం. ఒక్కటే ఉంటే అనుమానంతో వాడాలి. సాక్ష్యం కూడా చోటు, కాలం, అంతస్తు మూడింటికీ సరిపోవాలి. రాజు సమాధిలోని గిన్నె రైతు పొయ్యి మీద పెడితే వస్తువు నిజమే, దృశ్యం అబద్ధం.

బుష్‌క్రాఫ్ట్ నుంచి వచ్చినవారు తడబడేది ఇక్కడే, చేతివాటం ఎంత ఉన్నా సామాను పట్టిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 1913 నాటిది. నైలాన్‌ను డ్యూపాంట్ కంపెనీ ప్రకటించింది 1938లో. అంటే నైలాన్ తాడైన పారాకార్డ్ అంతకుముందు ఏ కాలానికీ చెల్లదు. అల్యూమినియం గ్లాసు 1880ల తర్వాతే చవకైంది. రాపిడి అగ్గిపుల్లలు అమ్మకానికి వచ్చింది 1827లో. కత్తి విషయం ఇంకా సూక్ష్మం. పిడి చివరి దాకా వెడల్పుగా సాగే మందపాటి ఉక్కు, రెండు పక్కలా చెక్క బిళ్లలు, ఇదీ ఇప్పటి బుష్‌క్రాఫ్ట్ కత్తి. వైకింగ్ కాలపు ఉత్తర ఐరోపా కత్తికి మామూలుగా సన్నని తోక ఉంటుంది, దాన్ని పిడిలోకి దిగ్గొడతారు. దుడ్డుకర్రతో కత్తి వీపు మీద బాది మొద్దు చీల్చడానికి అది తట్టుకోదు. తట్టుకోవలసిన పనీ లేదు, గొడ్డలీ చీలికమేకులూ ఉన్న ఇంట్లో ఎవరూ కత్తితో మొద్దు చీల్చరు. వస్తువు ఆకారం మారితే పని పద్ధతీ మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

తాడు దగ్గర మాత్రం ఇద్దరూ హాయిగా కలుస్తారు. వేసవి మొదట్లో లిండెన్ బెరడు సులువుగా ఒలిచివస్తుంది. దాన్ని కొన్ని వారాలు నీటిలో ఊరవేస్తే లోపలి నార కాగితపు పొరల్లా విడిపోతుంది. రెండు పేటలు తీసుకుని, ఒక్కో పేటను వేళ్లతో కుడికి పురిపెట్టి, ఆ రెంటినీ ఎడమకు పెనవేయాలి. ఎదురెదురు పురులు ఒకదాన్నొకటి బిగించి పట్టుకోవడం వల్లే తాడు విడిపోదు. రెండు పేటలకూ ఒకేచోట అతుకు వేస్తే అక్కడే తెగుతుంది, కనీసం జానెడు ఎడం ఉండాలి. ఒక పేట సన్నమైతే అది లావు పేట చుట్టూ తీగలా చుట్టుకుంటుంది తప్ప పెనవడదు. ఓట్జి దగ్గర కూడా లిండెన్ నార తాళ్లే ఉన్నాయి. ఈ తాడు నేలకూ జవాబిస్తుంది, ఆధారానికీ జవాబిస్తుంది.

మూడో చుట్టం

ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రాన్ని ఈ రెంటితో కలిపేస్తుంటారు. దాని పని ప్రదర్శన కాదు, పరీక్ష. ఒక ఊహను ముందే రాసుకుని, ఆ కాలపు పనిముట్లతోనే చేసి, కొలిచి, విఫలమైనా నమోదు చేస్తారు. డెన్మార్క్‌లోని లెయ్‌రెలో 1964లో, ఇంగ్లండ్‌లోని బట్సర్‌లో 1972లో ఇలాంటి కేంద్రాలు మొదలయ్యాయి. ఇనుపయుగపు గుండ్రటి గడ్డి ఇళ్లు కట్టి చూస్తే తెలిసిన సంగతి ఒకటుంది. పొగ కోసం కప్పు నడుమ రంధ్రం పెట్టాలని అందరూ అనుకునేవారు. పెడితే గాలి గుంజి నిప్పురవ్వలు పైకి లేచి కప్పుకే అంటుకునే ప్రమాదం ఉంది. రంధ్రం లేకుండా వదిలేస్తే పొగ గడ్డిలోంచే మెల్లగా బయటికి పోతుంది. బుష్‌క్రాఫ్ట్ తెలిసిన చేతులు లేకుండా ఇలాంటి పరీక్షలు సాగవు. అరణి తిప్పడం రానివాడు ఓడిపోతే తప్పు పద్ధతిదో చేతిదో ఎవరికీ తెలియదు. నిజానికి బుష్‌క్రాఫ్ట్ చరిత్రకు చేసే అతిపెద్ద మేలు ఇదే.

ఒకరినొకరు ఎక్కడ తప్పుదారి పట్టిస్తారు

బుష్‌క్రాఫ్ట్ మన కళ్లముందు నిలిపే బొమ్మ అడవిలో ఒంటరి మనిషి. చరిత్రలో అలాంటి మనుషులు అరుదు. జనం గుంపులుగా వెళ్లారు, సామాను మోసుకెళ్లారు, చీకటిపడేలోపు ఏదో ఒక పొయ్యి దగ్గరికి చేరారు. రోమన్ సైనికులు ఎనిమిదేసి మంది ఒక తోలు గుడారంలో పడుకున్నారు. రోజూ సాయంత్రం కొత్తగా నిప్పు పుట్టించడం ఇప్పటి శిక్షణ తరగతి అలవాటు. పాతవాళ్లు ఉన్న నిప్పును ఆరనివ్వలేదు. ఓట్జి మోసిన బర్చ్ బెరడు డబ్బాలో మేపుల్ ఆకులు, బొగ్గు ముక్కలు ఉన్నాయి. నిప్పుకణాలను ఆకుల్లో చుట్టి వెంట తీసుకెళ్లడానికే ఆ డబ్బా అని పరిశోధకులు చెబుతారు. నిప్పు పుట్టించడం కంటే నిప్పు దాచడం నేర్చుకుంటే పాతకాలానికి ఎక్కువ దగ్గరవుతాం.

ఇంకో పొరపాటు మరీ బాధాకరం. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్, ఉత్తర ఐరోపా సామీ, కెనడా క్రీ, ఆస్ట్రేలియా ఆదివాసుల విద్యలను బుష్‌క్రాఫ్ట్ చాలా అరువు తెచ్చుకుంది. వాటిని 'ఆదిమానవుల పద్ధతి' అని చెప్పడం అబద్ధం, అగౌరవం కూడా. ఆ ప్రజలు ఇప్పుడూ ఉన్నారు, ఆ విద్యలు ఇప్పుడూ మారుతూనే ఉన్నాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నామో పేరు పెట్టి చెప్పాలి. వాళ్ల పద్ధతిని తెచ్చి మరో ఖండపు రాతియుగానికి అతికించకూడదు.

రెండూ కలిపి చేయాలంటే

ఒక కాలపు బట్టలు, సామానుతో అడవిలో నిజంగానే నడిచి నిజంగానే పడుకోవడాన్ని హిస్టారికల్ ట్రెక్కింగ్ అంటారు. ఉత్తర అమెరికాలో 18వ శతాబ్దపు వేటగాళ్లనూ, 1825 నుంచి 1840 దాకా రాకీ పర్వతాల్లో ఏటా కలుసుకున్న బొచ్చుతోళ్ల వ్యాపారపు వేటగాళ్లనూ ఎంచుకునేవారు ఎక్కువ, ఎందుకంటే రాతలు, జాబితాలు, మిగిలిన వస్తువులు బాగా దొరుకుతాయి.

మొదలుపెట్టేవారు ఒక చోటు, ఒక ఇరవై ఏళ్ల కాలం, ఒక వృత్తి తేల్చుకోవాలి. వెంట తీసుకెళ్లే ప్రతి వస్తువు పక్కనా 'దొరికింది', 'బొమ్మలో ఉంది', 'ఊహ' అని రాసుకోవాలి. ఊహల సంఖ్య సగం దాటితే ఇంకా చదవాలన్నమాట. డబ్బు ముందు చెప్పులకూ ఉన్ని బట్టలకూ పెట్టాలి, ఆయుధానికి చివర్లో. ఉన్ని తడిసినా కొంత వేడి నిలుపుతుంది, రవ్వ పడితే చిన్న మచ్చ పడి ఆరిపోతుంది. సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు, నార తడిస్తే చలి లోపలికి దిగుతుంది కాబట్టి అవి పైపొరగా చాలవు. నున్నని తోలు అడుగున్న బూట్లు తడిగడ్డి మీద జారతాయి. చిన్న అడుగులు, పూర్తి పాదం, ఇదీ ఆ కాలపు నడక. వేసుకుని నడిస్తే తప్ప తెలియదు.

తొలి రాత్రి ఇంటికి అరగంట నడకలో ఉండే చోట గడపాలి. ప్రథమ చికిత్స పెట్టె, మందులు, కళ్లద్దాలు, ఫోను గుడ్డసంచిలో ఉంచుకోవాలి, వాటి దగ్గర ఆధారాల లెక్క చూడకూడదు. నీళ్లు బుడగలు పొంగేలా ఒక నిమిషం మరిగించాలి. పొయ్యి చుట్టూ ఏటి రాళ్లు పెట్టకూడదు, లోపలి తేమ ఆవిరై పగిలి ఎగురుతాయి. సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేల మీద అసలు నిప్పు వేయకూడదు, అది భూమి లోపల రోజుల తరబడి రాజుకుంటుంది. గడ్డినేల అయితే మట్టితో సహా చదరపు పెళ్లలుగా కోసి, వేళ్లు కిందికి ఉండేలా నీడలో పేర్చి తడుపుతూ ఉండాలి. వెళ్లేముందు బూడిదలో చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, గుంట తడిపి ఆ పెళ్లలను తిరిగి అమర్చి, కాలితో అదమాలి.